బయాప్సీలో ‘నోడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ హాడ్జ్‌కిన్’ అని వచ్చిందా? నిర్ధారణ సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం ఎలా

“సార్, రిపోర్టులో హాడ్జ్‌కిన్ లింఫోమా అని ఉంది. కింద చూస్తే సీడీ 30 నెగిటివ్, సీడీ 20 పాజిటివ్ అని రాసిండ్రు. నెట్‌లో ఏమో హాడ్జ్‌కిన్ అంటే సీడీ 30 పాజిటివ్ ఉండాలంటున్నరు. రిపోర్టు తప్పు వచ్చిందా?”

జనగామ నుంచి చేసినా, మంచిర్యాల నుంచి చేసినా ఫోన్‌లో ప్రశ్న ఇదే. సీడీ 20, సీడీ 30 అనేవి కణాల మీద ఉండే ప్రోటీన్ల పేర్లు. రిపోర్టు తప్పు కాకపోవచ్చు. హాడ్జ్‌కిన్‌లో ఒక అరుదైన రకం అచ్చం అలాగే ఉంటుంది. అయితే ఆ పేరు రాసే ముందు కొన్ని పనులు వరసగా జరిగి ఉండాలి. అవి జరిగాయో లేదో మీరే చూసుకోవచ్చు. నేను హనుమకొండలో బయాప్సీలు చూసే పాథాలజిస్టును. ఇది చదివి జబ్బు నిర్ధారణ మీరే చేసుకోమని చెప్పడం లేదు. ఏ మెట్టు దగ్గర ఏం అడగాలో, ఏది లేకపోతే అనుమానించాలో చెబుతున్నాను.

ముందు తెలియాల్సింది ఇంతే

మెడలో, చంకలో, గజ్జల్లో బిళ్లలు కట్టేది లింఫ్ గ్రంథుల్లో. ఆ గ్రంథుల్లో నిండి ఉండేవి లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటిలో బీ, టీ అని రకాలుంటాయి. అక్కడ పుట్టే క్యాన్సర్లలో ఒకటి హాడ్జ్‌కిన్ లింఫోమా. ఇందులో రెండు కుటుంబాలు ఉన్నాయి. పెద్దది క్లాసికల్ హాడ్జ్‌కిన్. దానిలో మళ్లీ నాలుగు ఉపరకాలు: నోడ్యులర్ స్క్లెరోసిస్, మిక్స్‌డ్ సెల్యులారిటీ, లింఫోసైట్ రిచ్, లింఫోసైట్ డిప్లీటెడ్. రెండో కుటుంబం మనం మాట్లాడుకుంటున్న నోడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్. ప్రతి 100 హాడ్జ్‌కిన్ కేసుల్లో ఇది 5 నుంచి 10 దాకా ఉంటుంది. మగవాళ్లలో ఎక్కువ, ముఖ్యంగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య. పిల్లల్లోనూ కనిపిస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది, చాలామందిలో తొలి దశలోనే బయటపడుతుంది, వైద్యానికి బాగా లొంగుతుంది. ఏళ్ల తర్వాత తిరగబెట్టడం, కొందరిలో ఉధృతమైన పెద్ద బీ సెల్ లింఫోమాగా మారడం దీనితో ఉన్న చిక్కు.

ఇంకో సంగతి. 2022లో వచ్చిన రెండు కొత్త వర్గీకరణల్లో ఒకటి దీన్ని ‘నోడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ బీ సెల్ లింఫోమా’ అని పిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మాత్రం పాత పేరునే ఉంచింది. ఒక ఆసుపత్రి కాగితంలో ఒక పేరు, ఇంకో ఆసుపత్రి కాగితంలో ఇంకో పేరు కనిపిస్తే కంగారు వద్దు. జబ్బు అదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బయాప్సీ రిపోర్టు పేజీలన్నీ. వాట్సాప్‌లో పంపేటప్పుడు చాలామంది చివరి పేజీ ఒక్కటే పంపుతారు. మాకు కావాల్సింది మొదటి పేజీలో ఉంటుంది.
- ఐహెచ్‌సీ రిపోర్టు, అంటే కణాల్లోని ప్రోటీన్లను రంగులతో పట్టే పరీక్షది. ఇది చాలాసార్లు విడి కాగితంగా, వారం పది రోజులు ఆలస్యంగా వస్తుంది.
- పాత ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూది పరీక్ష), స్కానింగ్, టీబీ పరీక్షల కాగితాలు.
- ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్లు గుర్తున్నంత వరకు రాసుకోండి.
- ల్యాబ్ నుంచి తీసుకోగలిగిన పారఫిన్ బ్లాకులు (బయాప్సీ ముక్కను మైనంలో పొదిగిన దిమ్మలు), స్లైడ్లు.
- ఒక థర్మామీటర్, బరువు చూసే యంత్రం, చిన్న నోట్‌బుక్.

1. గడ్డ సంగతి తేదీలతో రాసుకోండి

గడ్డ ఎప్పుడు కనిపించింది, ఎంత ఉంది, పెరుగుతోందా, నొప్పి ఉందా. దాంతోపాటు మూడు ప్రశ్నలు: 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటే జ్వరం కారణం లేకుండా వస్తోందా? రాత్రిళ్లు బట్టలు మార్చుకోవాల్సినంత చెమట పడుతోందా? గత 6 నెలల్లో బరువులో పదో వంతు తగ్గిందా? 60 కిలోల మనిషికి అది 6 కిలోలు. వీటినే డాక్టర్లు బీ లక్షణాలు అంటారు. మే నెలలో కరెంటు పోయిన రాత్రి పట్టే చెమట ఇందులోకి రాదు.

మనం చెప్పుకుంటున్న రకంలో ఈ లక్షణాలు సాధారణంగా ఉండవు. మెడలోనో చంకలోనో ఒక్క బిళ్ల, నొప్పి లేకుండా, నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మనిషి పొలం పనికో డ్యూటీకో మామూలుగా వెళ్లొస్తుంటాడు. “నొప్పి లేదు కదా” అని వదిలేసేది అందుకే. ఏ గడ్డయినా 4 వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. కంఠం ఎముక, అంటే కాలర్ బోన్, పైన ఉన్న గడ్డకైతే ఆ 4 వారాలు కూడా ఆగొద్దు.

2. బయాప్సీకి ముందు గడ్డ కరిగే మందులు మొదలుపెట్టొద్దు

ఎక్కువ కేసులు చెడిపోయేది ఇక్కడే. మూడు దారుల్లో చెడిపోతాయి.

మొదటిది స్టెరాయిడ్. డెక్సామెథసోన్ ఇంజెక్షనో, ప్రెడ్నిసొలోన్ మాత్రలో పడితే లింఫోమా గడ్డ కొన్ని రోజుల్లో చిక్కిపోతుంది. ఇంట్లోవాళ్లు సంతోషపడతారు. ఆ తర్వాత తీసిన ముక్కలో మేం వెతకాల్సిన కణాలు దొరకకపోవచ్చు. గడ్డ మళ్లీ వస్తుంది, అప్పటికి కొన్ని నెలలు పోయి ఉంటాయి. ఉబ్బసానికో కీళ్ల నొప్పులకో ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే మాత్రం సొంతంగా టక్కున ఆపకండి, అది ఇంకా ప్రమాదం. ఆ సంగతి సర్జన్‌కు, ల్యాబ్‌కు చెప్పండి.

రెండోది ఆధారం లేని టీబీ వైద్యం. మన దగ్గర మెడ గడ్డ అంటే ముందు గుర్తొచ్చేది కంఠమాల, అంటే టీబీ గడ్డే. అందులో తప్పేం లేదు, ఎక్కువసార్లు అదే నిజం. కానీ ఎఫ్‌ఎన్‌ఏసీలో ‘గ్రాన్యులోమా’ (వాపు కణాల గుంపు) అనే ఒక్క మాట చూసి 6 నెలల కోర్సు మొదలుపెట్టేయడం వేరే సంగతి. హాడ్జ్‌కిన్ ఉన్న గ్రంథిలో కూడా గ్రాన్యులోమాలు ఉండొచ్చు. క్రిమి కనబడిందా, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షలో తేలిందా అని అడగండి. ఈ పరీక్ష ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఉచితం. ఇప్పటికే టీబీ మందులు వాడుతూ రెండు నెలలైనా గడ్డ తగ్గకపోతే, మందులు మానేయకుండా బయాప్సీ గురించి అడగండి. టీబీ గడ్డలు కూడా వైద్యం మధ్యలో కొన్నాళ్లు పెరుగుతాయి కాబట్టి అది లింఫోమానే అనుకోవడానికీ లేదు.

మూడోది పసరు కట్టడం, వాత పెట్టడం. పైన చర్మం పుండై చీము పట్టిన గడ్డను తీస్తే చీము సంగతే తెలుస్తుంది.

3. సూది పరీక్ష దగ్గర ఆగకండి, గడ్డ మొత్తం తీయించండి

ఎఫ్‌ఎన్‌ఏసీలో సన్న సూదితో కొన్ని కణాలు పీలుస్తారు. అనుమానం పడటానికి అది పనికొస్తుంది. ఈ రకాన్ని తేల్చడానికి పనికిరాదు. కారణం చిన్నదే: ఈ జబ్బులో అసలు కణాలు చాలా తక్కువ, చుట్టూ మామూలు లింఫోసైట్లే నిండి ఉంటాయి. పైగా పేరులో ఉన్న ‘నోడ్యులర్’ అంటే గ్రంథిలో కణాలు ముద్దలు ముద్దలుగా అమరడం. ఆ అమరిక కనబడాలంటే గ్రంథి మొత్తం కావాలి. ఎఫ్‌ఎన్‌ఏసీలో ‘రియాక్టివ్’ అని వచ్చినంత మాత్రాన గడ్డ మంచిదైపోదు.

కాబట్టి సర్జన్‌ను ఇలా అడగండి: “సార్, ఎక్సిజన్ బయాప్సీ చేస్తారా? గ్రంథి చితక్కుండా మొత్తం వస్తుందా?” గడ్డ కడుపు లోపలో ఛాతీలోనో ఉంటే మందపాటి సూదితో కోర్ బయాప్సీ చేస్తారు. అప్పుడు ఒక్క పోగుతో సరిపెట్టుకోకుండా ఎక్కువ పోగులు తీయమనాలి.

చాలాచోట్ల గడ్డలుంటే ఏది తీయాలి? చేతికి దొరికిందల్లా గజ్జల్లోంచి తీసేయడం మామూలు పొరపాటు. కాళ్లకు పుండ్లు, ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడల్లా గజ్జల బిళ్లలు ఉబ్బుతాయి, వాటిలో జవాబు దొరకడం కష్టం. వీలైతే మెడలోని పెద్ద గ్రంథి మేలు. పెట్ స్కాన్ (జబ్బున్న చోట్లు వెలిగేలా చూపే స్కాన్) ముందే అయి ఉంటే బాగా వెలిగిన గ్రంథిని ఎంచుకుంటారు.

4. ముక్క ఏ డబ్బాలో పడుతోందో చూడండి

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. మీ చేతిలో ఉన్న మెట్టు ఇదే. చిన్న ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయ్యాక డబ్బా మీ చేతికే ఇచ్చి “ల్యాబ్‌లో ఇచ్చి రండి” అంటారు.

డబ్బాలో ఉండాల్సింది 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్. ఘాటు వాసన, కళ్లు మండుతాయి. వాసనే లేకపోతే అది సెలైన్ అయ్యే అవకాశం ఎక్కువ. సెలైన్‌లో వేసిన ముక్క గంటలు గడిచేకొద్దీ పాడవుతుంది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో సాయంత్రం బస్సులో బయల్దేరి, ల్యాబ్ మూసేశారని రాత్రంతా ఇంట్లో ఉంచి తెల్లారి తెచ్చారనుకోండి, స్లైడ్ మీద కణాల అంచులు చెరిగిపోయి కనిపిస్తాయి. సర్జికల్ స్పిరిట్ కూడా వద్దు. అందులో ముక్క బిరుసెక్కుతుంది, ఆ తర్వాత వేసే రంగులు నమ్మదగ్గట్టు ఉండవు.

ఫార్మలిన్ ముక్క కంటే కనీసం పది రెట్లు ఉండాలి. ముక్క అడుగున తడిసీ తడవనట్టు ఉంటే లాభం లేదు. డబ్బా మూతి వెడల్పుగా ఉండాలి. ఇరుకు మూతి మందు సీసాలో మెత్తగా ఉన్న గ్రంథిని ఎలాగో దూరుస్తారు. ఫార్మలిన్‌లో అది గట్టిపడ్డాక బయటికి రాదు, చివరికి సీసా పగలగొట్టాలి.

ఫార్మలిన్ లోపలికి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే దిగుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల గ్రంథిని అలాగే గుండుగా వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉంటుంది. ల్యాబ్ దగ్గరుంటే ముందే మాట్లాడుకుని తీసిన వెంటనే పంపడం అన్నిటికంటే మంచిది, కోయడం మేం చూసుకుంటాం. దూరమైతే సర్జనే మధ్యకు కోసి ఫార్మలిన్‌లో వేయాలి.

టీబీ అనుమానం కూడా ఉంటే చిన్న ముక్క విడిగా, శుభ్రమైన వేరే డబ్బాలో సెలైన్‌లో వేయించి సీబీనాట్‌కు, కల్చర్‌కు పంపించాలి. ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే కల్చర్‌కు పనికిరాదు. అంటే రెండు డబ్బాలు, రెండు వేర్వేరు ద్రవాలు. మారిపోయాయా, రెండు పరీక్షలూ పోయినట్టే.

పేరు, వయసు, తేదీ, ఏ వైపు నుంచి తీశారో డబ్బా ఒంటి మీద రాయించండి. మూత మీద రాస్తే మూతలు మారినప్పుడు పేర్లూ మారిపోతాయి.

5. ఫారం ఖాళీగా పంపొద్దు

“మెడ గడ్డ, హెచ్‌పీఈ కోసం”, అంటే మైక్రోస్కోపు పరీక్షకు, అని ఒక్క లైన్ రాసిన ఫారాలు వస్తుంటాయి. మీ నోట్‌బుక్‌లోది నాలుగు ముక్కల్లో రాయించండి: గడ్డ ఎన్నాళ్లుగా ఉంది, ఇంకెక్కడెక్కడ ఉన్నాయి, స్టెరాయిడ్ లేదా టీబీ మందులు వాడారా, ఇంతకు ముందు బయాప్సీ అయిందా. ‘లింఫోమా అనుమానం’ అనే మాట ఉంటే మేం ముక్కను కోసే తీరే మారుతుంది.

6. రిపోర్టు మొదటి భాగంలో ఈ నాలుగూ వెతకండి

మామూలు రంగు వేసిన స్లైడ్ చూసి రాసేది ఈ భాగం. నాలుగైదు రోజుల్లో వస్తుంది. ఇందులో ఉండాల్సినవి: గ్రంథి సైజు, లోపలి అమరిక ముద్దలుగా ఉందా, విస్తరించి ఉందా, పెద్ద కణాల వర్ణన, చుట్టూ ఏ కణాలున్నాయి.

ఈ రకంలో కనిపించే పెద్ద కణాల పేరు ఎల్‌పీ కణాలు. వాటి కేంద్రకం మడతలు మడతలుగా, మక్క పేలాల్లా విచ్చుకుని ఉంటుంది. ప్రపంచమంతా పాథాలజిస్టులు వాటిని పాప్‌కార్న్ కణాలనే పిలుస్తారు. క్లాసికల్ రకంలో కనిపించేవి రీడ్ స్టెర్న్‌బర్గ్ కణాలు: రెండు కేంద్రకాలు, ఒక్కోదానిలో పెద్ద ఎర్రటి చుక్క. రిపోర్టులో ‘పాప్‌కార్న్’, ‘ఎల్‌పీ’, ‘ఎల్ అండ్ హెచ్’ అనే మాటల్లో ఏదైనా ఉంటే మన రకం వైపు వేలు చూపుతున్నట్టు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు పేర్లతోనే. ‘నోడ్యులర్’ అనే మొదటి మాట చూసి నోడ్యులర్ స్క్లెరోసిస్‌నూ దీన్నీ ఒకటే అనుకుంటారు. ‘లింఫోసైట్ రిచ్’నూ ‘లింఫోసైట్ ప్రిడామినెంట్’నూ కలిపేస్తారు. పేరు చివరిదాకా చదవండి, ఫోన్‌లో చెప్పేటప్పుడూ మొత్తం చెప్పండి.

ఈ భాగం ఒక్కదాన్ని పట్టుకుని వైద్యం మొదలుపెట్టకూడదు. కింద ‘ఐహెచ్‌సీ చేయించగలరు’ అని రాసి ఉంటే ఆ పని చేయించాల్సిందే.

7. ఐహెచ్‌సీ పట్టిక: ఏ కణాల్లో పాజిటివ్?

ఫోన్లన్నీ దీని గురించే. ఐహెచ్‌సీలో ఒక్కో ప్రోటీన్‌కు ఒక్కో రంగు పరీక్ష. ఒక్కో మార్కర్‌కు విడిగా డబ్బు తీసుకుంటారు కాబట్టి కొన్నిచోట్ల రెండు మూడిటితో సరిపెడతారు. ఈ జబ్బుకు అది చాలదు.

ఎల్‌పీ కణాల్లో ఇలా ఉండాలి: సీడీ 20 పాజిటివ్, గట్టిగా. సీడీ 45 పాజిటివ్. పాక్స్ 5, ఆక్ట్ 2, బాబ్ 1, బీసీఎల్ 6 పాజిటివ్. సీడీ 15 నెగిటివ్, సీడీ 30 దాదాపు ఎప్పుడూ నెగిటివ్. ఈబీ (ఎప్‌స్టీన్ బార్) వైరస్ పరీక్ష, అంటే ఈబర్ లేదా ఎల్‌ఎంపీ 1, సాధారణంగా నెగిటివ్.

క్లాసికల్ రకంలో తిరగబడుతుంది: సీడీ 30 పాజిటివ్, సీడీ 15 ఎక్కువమందిలో పాజిటివ్, సీడీ 45 నెగిటివ్, పాక్స్ 5 ఉన్నా వెలిసిపోయినట్టు పలచగా. ఆక్ట్ 2, బాబ్ 1 రెండూ గట్టిగా ఉండటం అరుదు. కొందరిలో సీడీ 20 కూడా అక్కడక్కడా, పలచగా పడుతుంది. సీడీ 20 ఒక్కటి పట్టుకుని రకం మార్చేయకూడదనేది ఇందుకే.

ఇక అసలు కిటుకు. ‘సీడీ 20 పాజిటివ్’ అని ఊరికే రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ఈ జబ్బులో ముద్దల నిండా ఉండే చిన్న లింఫోసైట్లు మామూలు బీ కణాలు, వాటికీ సీడీ 20 పడుతుంది. ‘సీడీ 30 పాజిటివ్’ అన్నా అంతే, ఏ గ్రంథిలోనైనా ఉత్తేజంలో ఉన్న కొన్ని మామూలు కణాలకు అది పడుతుంది. సీడీ 15 న్యూట్రోఫిల్స్ అనే మామూలు తెల్ల కణాలకు పడుతుంది. కాబట్టి రిపోర్టులో ‘పెద్ద కణాల్లో పాజిటివ్’ అనో ‘ఎల్‌పీ కణాల్లో పాజిటివ్’ అనో తప్పకుండా ఉండాలి. లేకపోతే ల్యాబ్‌కు ఫోన్ చేసి అడగండి: “మేడం, సీడీ 20 పెద్ద కణాల్లో పడిందా, చుట్టూ చిన్న కణాల్లోనా?” ఈ ప్రశ్నకు ఏ పాథాలజిస్టూ నొచ్చుకోకూడదు. నొచ్చుకుంటే స్లైడ్లు ఇంకో చోటికి తీసుకెళ్లండి.

రెండో కిటుకు చుట్టూ ఉన్న కణాల్లో. పెద్ద కణం చుట్టూ టీ కణాలు ఉంగరంలా చేరతాయి. సీడీ 3, పీడీ 1 లేదా సీడీ 57తో అది కనిపిస్తుంది. రిపోర్టులో ‘రోజెట్’ అనే మాట దీని గురించే. సీడీ 21 వేస్తే ముద్దల్లోపల వల లాంటి అల్లిక కనిపిస్తుంది. ఆ అల్లిక ఉందని రాస్తే నోడ్యులర్ అన్న మాటకు ఆధారం దొరికినట్టు.

మీ పట్టికలో సీడీ 20, సీడీ 3, సీడీ 30, సీడీ 15, పాక్స్ 5, సీడీ 45 లేకపోతే పరీక్ష సగమే అయినట్టు. వాటిపైన ఆక్ట్ 2, బాబ్ 1, ఈబీ వైరస్ పరీక్ష, సీడీ 21, పీడీ 1 కూడా ఉంటే నిర్ధారణ నిలబడుతుంది.

8. ఏ జబ్బులు కావో కూడా తేల్చారా?

మంచి రిపోర్టులో ఈ మూడిటి ప్రస్తావన ఉంటుంది, లేకపోతే అడగాలి.

ఒకటి, క్లాసికల్‌లోని లింఫోసైట్ రిచ్ రకం. మామూలు స్లైడ్‌లో చూడ్డానికి కవల పిల్లే. సీడీ 30, సీడీ 15 పెద్ద కణాల్లో పడితే అది మన రకం కాదు.

రెండు, టీ సెల్, హిస్టియోసైట్లు (చెత్తను మింగే రక్షణ కణాలు) ఎక్కువగా ఉండే పెద్ద బీ సెల్ లింఫోమా. ఇది ఉధృతమైన జబ్బు, వైద్యం వేరు. ఇందులోనూ పెద్ద కణాలకు సీడీ 20 పడుతుంది. తేడా అమరికలో: ముద్దలు ఉండవు, సీడీ 21 అల్లిక ఉండదు, చుట్టూ చిన్న బీ కణాలు దాదాపు కనబడవు. చిన్న కోర్ ముక్కలో ఈ రెండిటినీ విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టం. గ్రంథి మొత్తం తీయించమని మూడో మెట్టులో అంత పట్టుబట్టింది ఇందుకే.

మూడు, క్యాన్సరే కాని ఒక మార్పు: జెర్మినల్ సెంటర్లు, అంటే గ్రంథిలో బీ కణాలు పెరిగే కేంద్రాలు, పెద్దవై రూపం మారడం. కుర్రాళ్లలో ఎక్కువ. దీనికి ఏ మందూ అక్కర్లేదు, గమనిస్తూ ఉంటే చాలు.

‘ప్యాటర్న్’ అని ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం కూడా కొన్ని రిపోర్టుల్లో ఉంటుంది. ఏ, బీ మామూలు అమరికలు. మిగతావి ఉంటే జబ్బు కాస్త ముదిరి ఉండటానికి, తిరగబెట్టడానికి అవకాశం ఎక్కువ, డాక్టర్ మరింత జాగ్రత్తగా చూస్తారు.

9. బ్లాకు తీసుకెళ్లి ఇంకొకరికి చూపించండి

అరుదైన రకం కాబట్టి రెండో అభిప్రాయం దండగ కాదు. లింఫోమాలు రోజూ చూసే చోటికి వెళ్లాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ మన ప్రాంతంవాళ్లకు అందుబాటులో ఉన్నవి. ముంబై టాటా మెమోరియల్‌కు వెళ్లేవాళ్లూ ఉన్నారు.

తీసుకెళ్లాల్సింది రిపోర్టు జిరాక్స్ కాదు, పారఫిన్ బ్లాకు, స్లైడ్లు. ల్యాబ్‌లో దరఖాస్తు రాసి, రసీదు మీద సంతకం పెట్టి తీసుకోండి. బ్లాకు మీద ఉన్న నంబరూ రిపోర్టు మీద నంబరూ ఒకటేనా అని అక్కడికక్కడే కలిపి చూడండి. పని అయ్యాక బ్లాకు వెనక్కి తెచ్చి ల్యాబ్‌లో అప్పగించండి, లేదా భద్రంగా దాచండి. స్లైడ్లను ప్లాస్టిక్ స్లైడు పెట్టెలో పెట్టాలి. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటే కాజీపేటలో రైలెక్కేలోపే పగులుతాయి. ఎండాకాలంలో బ్లాకును బండి డిక్కీలోనో, అద్దాలు మూసిన కారులోనో వదిలేయొద్దు. అది మైనం, వేడికి మెత్తబడి వంకర్లు పోతుంది. చేతి సంచీలో పెట్టుకుని నీడన తీసుకెళ్లండి.

రెండు రిపోర్టులూ వేరుగా వస్తే? రెండోది పెద్ద ఆసుపత్రిది కాబట్టి అదే నిజమని నేను అనను. రెండింటి ఐహెచ్‌సీ పట్టికలు పక్కపక్కన పెట్టి, ఏ మార్కర్ దగ్గర తేడా వచ్చిందో క్యాన్సర్ డాక్టర్‌ను చూడమనండి. ఒకరు తక్కువ మార్కర్లు చేసి ఉంటే తేడా అక్కడే ఉంటుంది. మిగిలిన బ్లాకులో మిగతావి చేయించొచ్చు. ముక్క అయిపోతే, ఇంకో గ్రంథి ఉంటే మళ్లీ బయాప్సీయే దారి.

10. ఎంతవరకు పాకిందో చూసే పరీక్షలు

పెట్ సీటీ ముఖ్యం. ముందు కనీసం 6 గంటలు పరగడుపున ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు ఆ రోజు మందుల సంగతి సెంటర్‌వాళ్లను ముందే అడగాలి. రక్తంలో సీబీపీ, ఈఎస్‌ఆర్, ఎల్‌డీహెచ్, లివర్, కిడ్నీ పరీక్షలు, హెచ్‌ఐవీ చేస్తారు.

హెపటైటిస్ బీ పరీక్ష మాత్రం మరిచిపోవద్దు. హెచ్‌బీఎస్‌ఏజీతోపాటు యాంటీ హెచ్‌బీసీ కూడా ఉండాలి. ఈ రకానికి వాడే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ వల్ల లోపల నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ లేచి లివర్‌ను దెబ్బతీయగలదు. ముందే తెలిస్తే దానికి మాత్రలు ఇస్తారు.

స్టేజీ 1 నుంచి 4 దాకా ఉంటుంది. ఒకే చోట ఉంటే 1. పొర కండరం, అంటే డయాఫ్రం, పైనో కిందో ఒకే వైపు రెండు మూడు చోట్ల ఉంటే 2. రెండు వైపులా ఉంటే 3. ఎముక మూలుగకో లివర్‌కో పాకితే 4. బీ లక్షణాలు లేకపోతే పక్కన ‘ఏ’, ఉంటే ‘బీ’. ఈ రకంలో ఎక్కువమందికి వచ్చేది 1ఏ లేదా 2ఏ. ప్లీహంలో ఉందని వస్తే, కడుపులో ఒక గడ్డ మిగతావాటికంటే బాగా ఎక్కువ వెలిగితే, ఎల్‌డీహెచ్ పెరిగితే, జబ్బు ఉధృత రూపంలోకి మారిందేమో అని అక్కడి నుంచి కూడా ముక్క తీయమని అడగాలి.

11. వైద్యం మొదలయ్యే ముందు డాక్టర్‌ను అడగాల్సినవి

రకం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. క్లాసికల్ హాడ్జ్‌కిన్‌కు ఎక్కువగా ఇచ్చేది ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో. మన రకం 1ఏలో ఉంటే, పెద్దవాళ్లకు ఆ చోటికి మాత్రమే రేడియేషన్‌తో సరిపోవచ్చు. పిల్లల్లో ఉన్న ఒక్క గ్రంథీ పూర్తిగా తీసేస్తే, మందులేవీ ఇవ్వకుండా గమనిస్తూ ఉండే పద్ధతి కూడా ఉంది. ముదిరిన దశలో కీమోతోపాటు రిటుక్సిమాబ్ ఇస్తారు. ఎల్‌పీ కణాల మీద సీడీ 20 ఉండటం వల్లే ఆ మందు పనిచేస్తుంది. “హాడ్జ్‌కిన్ కదా” అని రకం చూడకుండా అందరికీ ఒకటే కీమో రాస్తే, “సార్, ఇది లింఫోసైట్ ప్రిడామినెంట్ కదా, స్టేజీ 1ఏ కదా, రేడియేషన్ సరిపోదా?” అని అడిగే హక్కు మీకుంది. డాక్టర్ కీమోయే ఎంచుకోవడానికి కారణం ఉండొచ్చు, ఆ కారణం చెప్పమనండి.

పెళ్లి కావాల్సిన కుర్రాడైతే కీమోకు ముందు వీర్యం భద్రపరిచే సంగతి అడగండి. ఇంట్లో పెద్దలు సిగ్గుపడి అడగరు, డాక్టర్ రద్దీలో మరిచిపోతాడు.

ఆరోగ్యశ్రీకి పెట్టుకునేవాళ్లు ఫుడ్ సెక్యూరిటీ కార్డు, ఆధార్‌తోపాటు బయాప్సీ, ఐహెచ్‌సీ రిపోర్టుల ఒరిజినల్స్ దగ్గర ఉంచుకోండి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో కుటుంబానికి పరిమితి 10 లక్షల రూపాయలు. రెండు కాగితాల మీద పేరు స్పెల్లింగ్ వేరుగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. ముందే ల్యాబ్‌లో సరిచేయించుకోండి.

12. తర్వాత ఏళ్లలో గడ్డ మళ్లీ కనిపిస్తే

ఈ రకం పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి చెకప్‌లు మానొద్దు. మళ్లీ గడ్డ కనిపిస్తే పాత రిపోర్టు చూపించి పాత మందే రాయించుకోవడం పెద్ద పొరపాటు. అది అదే జబ్బు కావచ్చు, ఉధృత రూపంలోకి మారి ఉండొచ్చు, ఊరికే ఇన్ఫెక్షనూ కావచ్చు, పైన చెప్పిన జెర్మినల్ సెంటర్ల మార్పూ కావచ్చు. మళ్లీ ముక్క తీయించి, మొదటి బ్లాకును కూడా పాథాలజిస్టు ముందు పెట్టండి. ల్యాబ్‌లు బ్లాకులను ఎల్లకాలం ఉంచవు. మీ బ్లాకును ఎన్నాళ్లు ఉంచుతారో ఇప్పుడే అడిగి, ఆ గడువు తేదీని రిపోర్టు ఫైలు పైన రాసి పెట్టుకోండి.